హోలిస్టిక్ రైడింగ్ నేర్పేవాళ్లకు ఏ నేపథ్యం ఉండాలి? ఎవరి దగ్గర చేరాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పన్నెండేళ్ల పాపను హైదరాబాద్‌లో గుర్రపు స్వారీకి చేర్పించాలనుకుంటున్నారు. రెండు చోట్ల వాకబు చేశారు. ఒకచోట నేర్పేది ఆర్మీ అశ్వికదళంలో చేసి రిటైరైన రిసాల్దార్ గారు. రెండోచోట శరీరం, శ్వాస, మనసు అన్నీ కలిపి నేర్పే 'హోలిస్టిక్ రైడింగ్' అంటున్నారు. అక్కడి టీచర్‌గారిది యోగా, నాట్యం నేపథ్యం, గుర్రాలతో పరిచయం మూడేళ్లే. పద్ధతి మీకు నచ్చింది, కానీ ఇది నేర్పేవాళ్లు అసలు ఎక్కడి నుంచి వస్తారు, వాళ్లకు ఏ అర్హత ఉండాలి అన్నది తేలడం లేదు.

ముందు సూటిగా జవాబు. 'హోలిస్టిక్ రైడింగ్' అనే పేరుతో ప్రపంచంలో ఎక్కడా ఒకే లైసెన్సు లేదు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈ పద్ధతిని నిజంగా బాగా నేర్పేవాళ్లలో మాత్రం ఒక క్రమం దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది: ముందు గుర్రాలతో, విద్యార్థులతో ఏళ్ల తరబడి పని, ఆ తర్వాత శరీరానికి సంబంధించిన ఒక విద్యను పద్ధతిగా నేర్చుకోవడం. ఈ క్రమం తలకిందులైన చోట, అంటే శరీర విద్య గట్టిగా ఉండి గుర్రపు అనుభవం పలచగా ఉన్న చోట, చిన్నపిల్లను మొదటి రోజే గుర్రం మీద వదలకండి. మీ విషయంలో నా సలహా: మొదటి ఆరు నెలలు రిసాల్దార్ గారి దగ్గర గుర్రం మీద, యోగా టీచర్‌గారి దగ్గర నేల మీద. ఎందుకో, ఎలాగో కింద రాస్తున్నాను.

ఈ బోధన ఎలా పుట్టిందో తెలిస్తే నేపథ్యం సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. స్వారీ బోధనను ఎక్కువ కాలం నడిపింది సైన్యాలే. ఒకేసారి ముప్పై మందికి మైదానంలో నేర్పాలి, గుర్రాలు కదులుతుండాలి, గొంతు అందరికీ వినపడాలి. అందుకే ఆదేశాలు పొట్టిగా ఉంటాయి: 'నడుం నిటారు', 'మడమ కిందికి', 'చేతులు కదపకు'. ఇవన్నీ నిజమే, మంచి రౌతు అలాగే కనిపిస్తాడు. చిక్కేమిటంటే ఈ మాటలు చివరికి రావాల్సిన ఆకారాన్ని చెబుతాయి, అక్కడికి చేరే దారిని చెప్పవు. 'మడమ కిందికి' అనగానే కొత్తవాళ్లు రికాబు మీద కాలితో గట్టిగా తొక్కుతారు. చీలమండ బిగుస్తుంది, దాంతో మోకాలు బిగుస్తుంది, కాలు ముందుకు జారుతుంది, పిరుదులు జీను వెనక్కి పోతాయి. కుర్చీలో కూర్చున్నట్టు అవుతుంది. మడమ కిందికే ఉంది, స్వారీ మాత్రం పాడైంది. 'నిటారుగా కూర్చో' అంటే ఛాతీ ఎత్తి నడుం లోపలికి వంచేస్తారు. పక్కటెముకలు పైకి లేచి ఊపిరి పైపైన ఆడుతుంది. ట్రాట్, అంటే నడక కంటే వేగమైన కుదుపు పరుగు, మొదలవగానే ఎగిరెగిరి పడతారు.

దారి చెప్పలేకపోవడం అనే ఈ లోటును పట్టుకున్నవాళ్లలో ముఖ్యమైన వ్యక్తి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన శాలీ స్విఫ్ట్ (1913–2009). చిన్నతనం నుంచీ ఆమెకు వెన్ను పక్కకు వంగిపోయే స్కోలియోసిస్ ఉంది. దానికోసం బోస్టన్‌లో మేబెల్ టాడ్ దగ్గర శిక్షణ తీసుకున్నారు. మనసులో ఒక చిత్రాన్ని ఊహించుకోవడం ద్వారా కండరాల పని మార్చే పద్ధతి మేబెల్ టాడ్‌ది. ఆ తర్వాత మెడ, తల వాడే తీరును సరిదిద్దే అలెగ్జాండర్ టెక్నిక్ నేర్చుకున్నారు. పూర్తిస్థాయి బోధనకు ఆమె దిగింది డెబ్బైల దశకంలో, ఉద్యోగ విరమణ తర్వాత. 1985లో పుస్తకం రావడంతో ఆ పద్ధతి 'సెంటర్డ్ రైడింగ్' పేరుతో ప్రపంచమంతా పాకింది. నాలుగు మూలాంశాలు పెట్టారు: మెత్తని చూపు, శ్వాస, కేంద్రం, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే శరీరం. పాదాలను నేలతో కలిపి ఊహించే గ్రౌండింగ్ తర్వాత చేరింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆమెకు శరీర విద్య తన వెన్ను నుంచి వచ్చింది, కానీ దాన్ని స్వారీగా మార్చగలిగింది గుర్రాల మధ్య గడిపిన జీవితం వల్ల.

మిగతావాళ్లను చూసినా ఇదే. లిండా టెల్లింగ్టన్-జోన్స్ కాలిఫోర్నియాలో రైడింగ్ స్కూల్ నడిపాక, 1975 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో, కదలికల ద్వారా శరీరానికి నేర్పే పద్ధతి పెట్టిన మోషే ఫెల్డెన్‌క్రైస్ దగ్గర నేరుగా చదువుకున్నారు. ఆ తర్వాతే గుర్రాల ఒంటిమీద వేళ్లతో చేసే తన టీ-టచ్ పద్ధతి రూపుకట్టింది. బ్రిటన్‌లో మేరీ వాన్‌లెస్ ఫిజిక్స్ చదివి, బ్రిటిష్ హార్స్ సొసైటీ బోధనా అర్హతలు సంపాదించి, ఆపైన స్వారీలోని శరీర యంత్రాంగాన్ని విడదీసి చెప్పడం మొదలుపెట్టారు. జర్మనీ నుంచి వచ్చిన సుజానె ఫాన్ డీట్జె ఫిజియోథెరపిస్టు, అదే సమయంలో పోటీల స్థాయి రౌతు, ట్రైనర్. ఎకార్ట్ మైనర్స్‌ది క్రీడా బోధనా శాస్త్రం. ఆయన గుర్రపు ట్రైనర్లతో చేయి కలిపే పనిచేశారు.

ఈ టీచర్లలో కొందరు నేర్చుకున్న శరీర విద్యలను కనిపెట్టిన అలెగ్జాండర్, ఫెల్డెన్‌క్రైస్ ఇద్దరికీ గుర్రాలతో వృత్తి సంబంధం లేదు. ఎఫ్. ఎం. అలెగ్జాండర్ (1869–1955) టాస్మేనియాలో పుట్టిన రంగస్థల వాచకుడు. వేదిక మీద గొంతు పోతుంటే అద్దాల ముందు నిలబడి తన మెడ, తల కదలికలు గమనించి పద్ధతి కనిపెట్టాడు. ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) భౌతిక శాస్త్రవేత్త, జూడోలో బ్లాక్ బెల్ట్. అందుకే అలెగ్జాండర్ మార్గంలో వచ్చిన టీచర్ ముందు మెడ, తల చూస్తారు. ఫెల్డెన్‌క్రైస్ మార్గం వాళ్లు చిన్న చిన్న కదలికలు, చాలా నెమ్మదిగా చేయించి 'ఏం తేడా తెలిసింది?' అని అడుగుతారు. టీచర్ ఎక్కడి నుంచి వచ్చారో అదే వాళ్ల కన్ను. మీరు నేపథ్యం అడగాల్సింది ఇందుకే. వాళ్లకు ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో దాన్నిబట్టి ముందే తెలుస్తుంది.

ఇప్పుడు గంటల లెక్క, ఎందుకంటే సర్టిఫికెట్ల గందరగోళమంతా ఇక్కడే. అలెగ్జాండర్ టీచర్ కావాలంటే సాధారణంగా మూడేళ్లు, 1600 గంటల శిక్షణ. ఫెల్డెన్‌క్రైస్‌కు మూడు నాలుగేళ్లలో సుమారు 800 గంటలు. మరి సెంటర్డ్ రైడింగ్ ఇన్‌స్ట్రక్టర్ కోర్సు? రోజుల్లో అయిపోతుంది. ముందు ఓపెన్ క్లినిక్‌కు, అంటే స్వారీ శిక్షణ శిబిరానికి, వెళ్లాలి, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, అది పూర్తయితే లెవెల్ 1. పైన లెవెల్ 4 దాకా మెట్లున్నాయి. ఇంత తక్కువ సమయం ఎందుకు సరిపోతుందంటే, వచ్చేవాళ్లు అప్పటికే స్వారీ నేర్పుతున్న టీచర్లు అనే లెక్కతో ఆ కోర్సు కట్టారు కాబట్టి. ఆ సర్టిఫికెట్ ఒక పై అంతస్తు. కింద ఇల్లు ఉందా లేదా అన్నది మీరే అడిగి తెలుసుకోవాలి. 'వీకెండ్ వర్క్‌షాప్‌కు హాజరయ్యాను' అన్నది లెవెల్ 1 కూడా కాదు. హాజరు పత్రాన్ని, అర్హత పత్రాన్ని పక్కపక్కన ఫ్రేమ్ కట్టి పెడితే చూసేవాళ్లకు తేడా తెలియదు. కాగితం మీద 'పాల్గొన్నారు' అని ఉందా, 'నేర్పడానికి అర్హులు' అని ఉందా చదవండి.

మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ రైడింగ్ ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది జైపూర్‌లోని 61వ కావల్రీ నుంచో, సైన్యపు గుర్రాలను, పశువైద్యాన్ని చూసుకునే, మీరట్ కేంద్రంగా ఉన్న రీమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ నుంచో, పోలీసు మౌంటెడ్ దళాల నుంచో వస్తారు. హైదరాబాద్‌కు ఇంకో వనరు కూడా ఉంది: 1975లో మౌంట్ అబూ నుంచి ఇక్కడికి తరలివచ్చిన నేషనల్ పోలీస్ అకాడమీ. ఐపీఎస్ ట్రైనీలకు గుర్రపు స్వారీ శిక్షణలో భాగం కావడంతో, పెద్దయ్యాక మొదటిసారి గుర్రం ఎక్కేవాళ్లకు నేర్పడంలో అక్కడివాళ్లకు మంచి అనుభవం ఉంటుంది. సవారు, దఫేదార్, రిసాల్దార్ మెట్లు ఎక్కి వచ్చిన మనిషి వేలాది గంటలు జీను మీద గడిపి ఉంటాడు. గుర్రం చెవి కదలిక చూసి రెండు క్షణాలు ముందే ప్రమాదం పసిగడతాడు. ఈ నైపుణ్యాన్ని ఏ క్లినిక్ ఇవ్వలేదు. వాళ్ల బోధనలో లోటు పైన చెప్పినదే: ఆకారం చెబుతారు, దారి చెప్పరు. కొందరు గొంతు పెంచుతారు, దానికి బిడియపడే పిల్లలు బిగుసుకుపోతారు. అందరూ అలా అని కాదు. ఓపికగా, ఒక్క మాటతో పిల్లల భయం పోగొట్టే రిసాల్దార్లు ఉన్నారు. వెళ్లి ఒక క్లాసు చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

క్లబ్బుల్లోని గుర్రాల సంగతి కూడా దీనితో ముడిపడి ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల లాయాల్లో మలక్‌పేట లాంటి రేస్‌కోర్సుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు, అంటే రేసు జాతి గుర్రాలు, కనిపించడం మామూలే. రేసు గుర్రానికి పగ్గం బిగిస్తే దాన్ని ఆసరాగా తీసుకుని ఇంకా పరిగెత్తడం అలవాటై ఉంటుంది. కొత్త పిల్ల భయపడి పగ్గాలు లాగితే అది ఆగదు, వేగం పెంచుతుంది. మళ్లీ శిక్షణ ఇవ్వని రేసు గుర్రం మీద 'పగ్గాలు వదిలెయ్, కళ్లు మూసుకో, గుర్రాన్ని ఫీల్ అవ్వు' అని చెప్పే టీచర్‌కు ఆ గుర్రం చరిత్ర తెలియదన్నమాట. కళ్లు మూసుకుని చేసే అభ్యాసం మంచిదే, కానీ నెమ్మదైన, వయసు పైబడిన గుర్రం మీద, గుర్రాన్ని వలయంలో తిప్పే పొడవాటి లాంజ్ తాడు టీచర్ చేతిలో ఉన్నప్పుడు, నడక వేగంలో మాత్రమే.

ఇక ఒక్కో నేపథ్యం జీను మీద ఎలా పనికొస్తుంది, ఎక్కడ అడ్డుపడుతుంది. మీరు అడిగిన టీచర్‌గారిది యోగా, నాట్యం కాబట్టి ఆ రెంటి దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

నాట్యం. కూచిపూడి, భరతనాట్యం చేసినవాళ్లకు లయ గట్టిగా ఉంటుంది. ఇది పెద్ద వరం, ఎందుకంటే గుర్రం నడక నాలుగు దెబ్బలు, ట్రాట్ రెండు, ఇంకా వేగమైన క్యాంటర్ మూడు. అవి చెవికి, నడుముకు వెంటనే అందుతాయి. అడ్డుపడేది అరమండి. తుంటి కీలు నుంచి కాళ్లు బయటికి తిరిగి, మోకాళ్లు పక్కలకు తెరుచుకోవడం ఒంటికి అలవాటై ఉంటుంది. జీను మీద అదే చేస్తే లోతొడ జీనుకు ఆనదు, మోకాలు బయటికి పోతుంది, మడమ పదే పదే గుర్రం డొక్కకు తగులుతుంది. గుర్రం దాన్ని 'ముందుకు పద' అనే సంకేతంగా తీసుకుంటుంది. పిల్ల ఏమీ చెప్పలేదనుకుంటుంది, గుర్రం చెప్పిందనుకుంటుంది. దిద్దే పద్ధతి: గుర్రం నిలబడి ఉండగా, రికాబు తీసేసి, తొడను తుంటి దగ్గర నుంచి మొత్తంగా పక్కకు రెండంగుళాలు ఎత్తి, లోపలికి తిప్పి, నెమ్మదిగా కిందికి దించాలి. ఒక్కో వైపు మూడుసార్లు, అంతకు మించితే తుంటి పట్టేస్తుంది. పాదం కొసను మాత్రమే లోపలికి తిప్పమంటే మోకాలి కీలు మెలిపడి నొప్పి వస్తుంది. తిప్పడం తుంటి నుంచే జరగాలి.

యోగా. శ్వాస మీద ధ్యాస, ఒంట్లో ఎక్కడ బిగువుందో గుర్తించడం బాగా వస్తాయి. కాకపోతే ఆసనంలో నేల కదలదు. జీను సెకనుకోసారి కదులుతుంది. ఒంటిని సాగదీయడంలో ఆరితేరిన కొందరికి ఆ కదలికను తట్టుకునే నడుం పట్టు తక్కువ. జీను ఊపుకు నడుం కింది భాగం అతిగా ఊగుతుంది. బయటికి మెత్తగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, నెల తర్వాత నడుం నొప్పి మొదలవుతుంది. ఇంకోటి: కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, గుర్రం మీద వద్దే వద్దు. రౌతు ఊపిరి ఆపిన క్షణాన నడుం బిగుస్తుంది, గుర్రం మెడ ఎత్తుతుంది లేదా ఆగిపోతుంది. దీర్ఘ శ్వాసలు వరసగా ఎక్కువ తీస్తే పిల్లలకు తల తిరుగుతుంది కూడా. జీను మీద శ్వాస పని చాలా చిన్నది: నాలుగు అడుగులకు ఊపిరి లోపలికి, నాలుగు అడుగులకు బయటికి, పొడవు పెంచే పోటీ లేకుండా.

ఫిజియోథెరపీ. ఒక భుజం కిందికి ఉండటం, కటి ఒకవైపు తిరగడం లాంటివి వీళ్లకు చప్పున కనిపిస్తాయి. అడ్డు ఎక్కడంటే, కొందరు ప్రతి వంకరనూ రౌతులోనే వెతుకుతారు. జీను పక్కకు జారుతున్నా, గుర్రం వెనక కాలు కుంటుతున్నా పిల్ల వంకరగానే కూర్చుంటుంది. గుర్రం దిగి కుర్చీ మీద కూర్చున్నప్పుడు కూడా అదే వంకర ఉంటే కారణం పిల్లలో ఉంది. లేకపోతే జీనునో గుర్రాన్నో చూడాలి.

యుద్ధ కళలు. జూడో, ఐకిడో వాళ్లకు బొడ్డు కింద ఉండే కేంద్రం ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. పడితే ఎలా పడాలో కూడా తెలుసు. ఎదుటివారి బలానికి ఎదురు బలం పెట్టే అలవాటు మాత్రం పగ్గాల దగ్గర వదిలించుకోవాలి.

ఈ నేపథ్యాలన్నిటికీ ఉమ్మడిగా కావాల్సింది ఇంకోటుంది, బ్రోషర్లలో ఎవరూ రాయనిది: గుర్రం నొప్పిని చదవడం. హోలిస్టిక్ అంటే గుర్రం కూడా అందులో ఉండాలి కదా. పశువైద్య నిపుణురాలు డాక్టర్ సూ డైసన్ బృందం స్వారీలో ఉన్న గుర్రం చూపే 24 ప్రవర్తనల జాబితా ఒకటి తయారుచేసింది. చెవులు వెనక్కి పెట్టి ఉంచడం, తోక అదేపనిగా విసరడం, నోరు తెరిచి ఉంచడం, తల పదే పదే ఎగరేయడం లాంటివి అందులో ఉన్నాయి. ఎనిమిది, అంతకంటే ఎక్కువ కనిపిస్తే కండరాల్లోనో ఎముకల్లోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని లెక్క. టీచర్‌కు ఆ జాబితా కంఠస్థం రావక్కర్లేదు. కానీ గుర్రం తోక విసురుతుంటే 'దీనికి పొగరు' అనే మనిషి, గోడ మీద ఏ బోర్డు పెట్టినా, సమగ్రంగా నేర్పుతున్నట్టు కాదు. ముక్కుపట్టీ కింద, ముక్కు ఎముక మీద రెండు వేళ్లు సులువుగా దూరాలి. జీను ముందు భాగానికీ గుర్రం భుజాల మధ్య ఉబ్బెత్తుకూ మధ్య, పిల్ల ఎక్కి కూర్చున్నాక కూడా, రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. రౌతు బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. 400 కిలోల గుర్రానికి 80 కిలోలు. మీ పాపకు అడ్డుండదు, మీరూ ఎక్కాలనుకుంటే మాత్రం గుర్తుంచుకోండి.

ట్రయల్ క్లాసు తీసుకోండి, పక్కన నిలబడి చూడండి. మంచి సమగ్ర బోధన మొదటి 45 నిమిషాలు ఏ వరసలో సాగుతుందో, ఎక్కడ తప్పుతుందో చెబుతాను. ఎండాకాలమైతే ఉదయం ఎనిమిదిలోపు అయిపోయే క్లాసు అడగండి, గుర్రానికీ పిల్లకూ ఇద్దరికీ మంచిది.

గుర్రం ఎక్కకముందే హెల్మెట్ చూడాలి. కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో అంచు ఉండాలి, గడ్డం పట్టీ పెట్టకుండా తల ఊపినా నుదుటి చర్మం హెల్మెట్‌తో కలిసి కదలాలి. క్రికెట్, సైకిల్ హెల్మెట్లు పనికిరావు. బూటుకు చిన్న మడమ ఉండాలి, లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. పడినప్పుడు ఈడ్చుకుపోయే ప్రమాదం అక్కడే. పొట్టపట్టీ ఎక్కే ముందు ఒకసారి, ఐదు నిమిషాలు నడిచాక ఇంకోసారి బిగించాలి. గుర్రం మొదట పొట్ట ఉబ్బిస్తుంది, నడిచాక పట్టీ వదులవుతుంది. రెండోసారి చూడని టీచర్‌కు మార్కులు తగ్గించండి.

తర్వాత నేల మీద ఐదు పది నిమిషాలు. గట్టి కుర్చీ అంచున పిల్లను కూర్చోబెట్టి, రెండు అరచేతులు పిరుదుల కింద పెట్టుకోమంటారు. అక్కడ రెండు ఎముకలు తగులుతాయి. కటిని ముందుకూ వెనక్కూ కొద్దిగా వంచితే ఆ ఎముకలు అరచేతిలో దొర్లడం తెలుస్తుంది. రెండింటి మీదా సమానంగా, మధ్యలో ఆగిన చోటే జీను మీద కావాల్సిన స్థానం. 'నిటారుగా కూర్చో' అనే ఆదేశం బదులు ఇది. చూడటానికి చిన్నగా ఉంటుంది కానీ ఈ ఒక్క అభ్యాసం చేసిన పిల్ల మొదటి ట్రాట్‌లోనే తేడాగా కూర్చుంటుంది.

గుర్రం మీద మొదటి క్లాసులు లాంజింగ్‌లో ఉండాలి, అంటే టీచర్ మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని వలయంలో తిప్పుతుంటే పిల్లకు పగ్గాల బాధ్యత ఉండదు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవాళ్లను ఈనాటికీ పగ్గాలు, రికాబులు లేకుండా ఇలాగే తయారుచేస్తారు. వలయం అడ్డకొలత 15 నుంచి 20 మీటర్లు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే గుర్రం కీళ్లకు భారం, పిల్ల బయటికి జారుతుంది. రెండు దిక్కులా సమానంగా, మొత్తం 20 నిమిషాలు, మహా అయితే 30. గుర్రం మెడకు ఒక పట్టీ ఉండాలి, తూలినప్పుడు పిల్ల పట్టుకోవడానికి. మొదటి క్లాసుల్లో రికాబులు ఉంచడమే మంచిది, నెమ్మదైన నడకలో కాసేపు మాత్రం తీస్తారు.

ఇక్కడ పద్ధతి అసలు పని మొదలవుతుంది. చూపు: కొత్తవాళ్లు గుర్రం మెడనే చూస్తుంటారు. మెడ బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది. గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా చూస్తూ, పక్కల ఉన్నవి కూడా కంటికి ఆనేలా చూపు వదులు చేయమంటారు. 'మెత్తని చూపు' అంటే అదే. కదలిక: గుర్రం ఎడమ వెనక కాలు ముందుకు ఊగినప్పుడు దాని పొట్ట కుడివైపు పోతుంది, పిల్ల ఎడమ తుంటి కిందికి దిగుతుంది. 'ఎడమ', 'కుడి' అని పిల్లే పైకి చెప్పాలి. తప్పు చెబితే టీచర్ దిద్దక, ఇంకో వలయం తిరగనివ్వాలి. మూడు నాలుగు వలయాల్లో సరిపోతుంది. ఆపడం: ఊపిరి వదులుతూ ఆ రెండు ఎముకల మీద బరువు నిలిపితే, శిక్షణ ఉన్న గుర్రం రెండు మూడు అడుగుల్లో ఆగుతుంది. ఆగకపోతే టీచర్ తాడుతో సాయం చేస్తారు. ట్రాట్ ఒక్కోసారి నిమిషం, రెండు నిమిషాలు, మధ్యలో నడక. పిల్ల ముఖం బిగుసుకున్నా, మాటలు ఆగిపోయినా నడకకు దించాలి.

తప్పు ఎక్కడ జరుగుతుంది? 'రిలాక్స్' అనే మాట దగ్గర. రిలాక్స్ అనగానే పిల్ల గోనెసంచిలా కూలబడుతుంది, పొట్ట పట్టు పోతుంది, మరింత ఎగురుతుంది. ఎగిరితే భయం, భయంతో మోకాళ్లు నొక్కడం, నొక్కితే గుర్రం వేగం. అనుభవమున్న టీచర్ 'రిలాక్స్' అనరు, ఏ కీలు వదులు కావాలో దాని పేరు చెబుతారు. అలాగే 'కేంద్రం' అన్నప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుంటే పక్కటెముకలు కట్టేసినట్టవుతాయి. ఊహాచిత్రాలు కొందరికి అద్భుతంగా పనిచేస్తాయి, కొందరికి ఏమీ అర్థం కావు. అందుకే ఒకే విషయాన్ని చిత్రంగా, ఎముకల పేర్లతో, చేత్తో తాకి చూపి, మూడు రకాలుగా చెప్పగలరా అని చూడండి. ఒకే ఒక రూపకం పదేపదే చెప్పే టీచర్ ఎవరి దగ్గరో విన్నది అప్పజెబుతున్నారు.

తాకడం గురించి గట్టిగా ఒక మాట. ఈ పద్ధతిలో టీచర్ పాదం, మోకాలు, నడుం మీద చేయి వేసి దిద్దడం మామూలే. ప్రతిసారీ ముందు అడగాలి, పిల్ల వద్దంటే మానాలి, తల్లో తండ్రో కనిపించే దూరంలో ఉండాలి. ఈ నియమం అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర చేర్చకండి. మంచి శిక్షణ పొందినవాళ్లకు ఇది మొదటి రోజు పాఠమే.

చికిత్స వాగ్దానాలు కూడా చూసుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, వెన్ను సమస్యలు తగ్గిస్తామని కొన్నిచోట్ల రాస్తారు. గుర్రం నడక చికిత్సలో నిజంగా ఉపయోగపడుతుంది. పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో (గుర్రాన్ని సూక్ష్మ సంకేతాలతో నడిపించే పోటీలో) రజతం గెలిచాక యూరప్‌లో దీనికి ఊపు వచ్చింది. కానీ గుర్రం నడకతో చేసే ఈ చికిత్సను, అంటే హిప్పోథెరపీని, చేయాల్సింది అర్హత ఉన్న ఫిజియో, ఆక్యుపేషనల్ లేదా స్పీచ్ థెరపిస్టు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మెడ పైభాగంలోని రెండు వెన్నుపూసల మధ్య కీలు వదులుగా ఉండే అవకాశం ఉంటుంది. డాక్టర్ పరీక్ష, అనుమతి లేకుండా గుర్రం ఎక్కించకూడదు. ఈ సంగతి అడిగితే తెల్లముఖం వేసే చోట చికిత్స మాట నమ్మకండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. బ్రిటన్‌లో బ్రిటిష్ హార్స్ సొసైటీ కోచ్ అర్హత, జర్మనీలో జాతీయ సమాఖ్య ఇచ్చే ట్రైనర్ సి, బి, ఎ లైసెన్సులు ముందు చూడండి, శరీర విద్య ఆపైన. అమెరికాలో దేశమంతటికీ తప్పనిసరి లైసెన్సు లేదు, అందువల్ల అక్కడ ఇంకా ఎక్కువ అడగాలి. సెంటర్డ్ రైడింగ్ సంస్థ తన ఇన్‌స్ట్రక్టర్ల జాబితా లెవెళ్లతో సహా ప్రకటిస్తుంది, పేరు అందులో ఉందో లేదో సరిచూసుకోవచ్చు.

మళ్లీ మీ ఇద్దరు టీచర్ల దగ్గరికి. యోగా టీచర్‌గారిని ఈ మూడు అడగండి: స్వారీ మీకు ఎవరు నేర్పారు, ఎంతకాలం? మీ క్లాసులో చివరిసారి పిల్ల పడినప్పుడు ఏం చేశారు, తర్వాత ఏం మార్చారు? ఈ గుర్రం ఇక్కడికి రాకముందు ఏం చేసేది? మొదటి ప్రశ్నకు మనిషి పేరు, చోటు రావాలి. రెండోదానికి 'మా దగ్గర ఎవరూ పడరు' అంటే అనుభవం తక్కువని అర్థం. మూడోదానికి జవాబు లేకపోతే అక్కడ పిల్లను ఎక్కించకండి. రిసాల్దార్ గారిని అడగాల్సింది ఒకటే: పాప భయపడి బిగుసుకుపోతే మీరు ఏం చెబుతారు? 'ధైర్యంగా ఉండమంటాను' అన్నది సగం జవాబు. 'నడకకు దించుతాను, మెడ పట్టీ పట్టుకోమంటాను, మాట్లాడిస్తాను' అంటే కళ్లు మూసుకుని చేర్చండి.

వారానికి రెండు క్లాసులు గుర్రం మీద, మొదటి రెండు నెలలు లాంజింగ్‌లోనే ఉంచమని ఆయన్ను కోరండి. చాలాచోట్ల తల్లిదండ్రులే 'ఎప్పుడు పరిగెత్తిస్తారు' అని తొందరపెడతారు కాబట్టి, మీరు నెమ్మదిగా వెళ్లమంటే ఆయన సంతోషిస్తారు. వారానికి ఒకసారి నేల మీద అరగంట యోగా టీచర్‌గారితో: కుర్చీ అభ్యాసం, తుంటి తిప్పడం, ఒంటికాలి నిలకడ, శ్వాస. వీలైతే నెలకోసారి ఆమెను లాయానికి పిలిచి, రిసాల్దార్ గారి క్లాసు పక్కన నిలబడి చూడమనండి. పాప మడమ ఎందుకు లేస్తోందో ఆమె చెప్పగలరు, గుర్రం ఎందుకు చెవులు వెనక్కి పెట్టిందో ఆయన చెప్పగలరు. ఆరు నెలల తర్వాత పాప పగ్గాలు వదిలి, చేతులు పక్కలకు చాపి, ట్రాట్‌లో ఒక్కో దిక్కున ఐదు వలయాలు ఊపిరి బిగబట్టకుండా తిరగగలిగితే, అప్పుడు ఎవరి దగ్గర కొనసాగాలో పాపనే అడగండి.